సంస్కృతాన్ని కాపాడటమంటే ఏం కాపాడాలి?

1905 ప్రాంతంలో తంజావూరు వైపు పండితుడొకరు మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి ఒక తాటాకుల కట్ట ఇచ్చి వెళ్లారు. తమిళ ప్రాంతంలో సంస్కృతం రాయడానికి వాడే గ్రంథ లిపిలో రాసిన కట్ట అది. అక్కడ లైబ్రేరియన్‌గా ఉన్న శామశాస్త్రి దాన్ని విప్పి చదివితే కౌటిల్యుడి అర్థశాస్త్రమని తేలింది. అప్పటిదాకా ఆ పుస్తకం పేరు, దాంట్లోంచి వేరే గ్రంథకర్తలు ఎత్తి రాసిన ముక్కలు మాత్రమే లోకానికి తెలుసు. అసలు గ్రంథం పోయిందనే అనుకున్నారు. 1909లో శామశాస్త్రి దాన్ని అచ్చు వేయించారు. పన్నులు ఎలా వేసేవారు, గూఢచారుల్ని ఎలా నడిపేవారు, తూనికల్లో మోసం చేస్తే జరిమానా ఎంత అన్న సంగతులన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. ప్రాచీన భారతదేశ చరిత్ర రాసేవాళ్లు తమ అంచనాలను మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది.

ఆ కట్ట శామశాస్త్రి చేతికి రాకముందు కూడా ఉంది. ఎవరో రాశారు, ఎవరో దాచారు, చెదలు పట్టకుండా చూసుకున్నారు. అయినా లోకానికి అది లేనట్టే లెక్క. ఆయనకు గ్రంథ లిపి వచ్చు, సంస్కృతం వచ్చు, చదువుతున్నది ఏమిటో పోల్చుకోగలిగినంత శాస్త్ర పరిచయమూ ఉంది. ఈ మూడూ ఒక మనిషిలో కలిశాయి కాబట్టే ఆ గ్రంథం మనకు దక్కింది.

సంస్కృతాన్ని కాపాడాలి అని ఎవరన్నా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ సంగతే. కాపాడాల్సింది చదవగలిగే మనుషుల్ని. ఆకుల్ని దాచినా, స్కాన్ చేసి హార్డ్ డిస్కుల్లో పెట్టినా, పండగ రోజున గొప్పలు చెప్పుకున్నా, చదివేవాళ్లు లేకపోతే అవన్నీ మూసి ఉన్న కట్టలే.

అక్కర్లేని గొప్పలు

అసలు విషయంలోకి వెళ్లే ముందు కొన్ని మాటల్ని పక్కన పెట్టాలి. సంస్కృతం మీద ప్రేమతోనే చెప్పినా, అవి ఆ భాషకు మేలు చేయడం లేదు.

కంప్యూటర్లకు అన్నిటికంటే అనువైన భాష సంస్కృతమని నాసా తేల్చింది అనే వాట్సాప్ మెసేజ్ అందరికీ వచ్చే ఉంటుంది. నాసా అలాంటిదేమీ తేల్చలేదు. నాసా ఏమ్స్ కేంద్రంలో పనిచేసిన రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు 1985లో ఒక వ్యాసం రాశారు. వాక్యార్థాన్ని విడదీసి చెప్పడానికి మన వ్యాకరణ పండితులు వాడిన పద్ధతికి, కృత్రిమ మేధలో అర్థాన్ని పటంలా గీసి చూపే పద్ధతికి పోలికలు ఉన్నాయని ఆయన చూపించారు. అది చాలా ఆసక్తికరమైన పరిశీలన. దాన్ని నాసా సర్టిఫికెట్‌గా మార్చేసరికి, అందులోని నిజమైన విషయం ఎవరికీ పట్టకుండా పోయింది.

వేద గణితం సంగతీ ఇంతే. 1965లో అచ్చయిన ఆ పుస్తకంలో లెక్కల చిట్కాలు ఉన్నాయి, కొన్ని బాగానే పనిచేస్తాయి. కానీ అందులోని సూత్రాలు మనకు దొరికిన వేదాల్లో ఎక్కడా లేవు. దీని హడావిడిలో అసలు గణితం వెనక్కి పోయింది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు ఒక్క శ్లోకంలో వృత్తం లెక్క చెప్పాడు. నూరుకు నాలుగు కలిపి ఎనిమిదితో హెచ్చవేసి, దానికి అరవై రెండు వేలు కలపమన్నాడు. 104 ఇంటూ 8 అంటే 832, మొత్తం 62,832. ఇరవై వేల వ్యాసమున్న వృత్తానికి చుట్టుకొలత అదీ అన్నాడు. భాగించి చూస్తే 3.1416. ఇది దగ్గరి విలువే తప్ప కచ్చితమైనది కాదని కూడా ఆ శ్లోకంలోనే చెప్పాడు. ఇలాంటి మనిషి ఉన్న సంప్రదాయానికి లేని గొప్పలు తగిలించడం ఎందుకు?

మూడో మాట తెలుగువాళ్లకు మరీ ముఖ్యమైనది. అన్ని భాషలకూ సంస్కృతమే తల్లి అనేది తప్పు. హిందీ, మరాఠీ, బెంగాలీ లాంటివి ఆ కుటుంబంలోవి. తెలుగు ద్రావిడ భాష. సంస్కృతం నుంచి వేల మాటలు తీసుకుంది, కానీ దాని ధాతువులు, వాక్య నిర్మాణం, సర్వనామాలు, అంకెలు వేరే. ఈ సంగతిని ఆధారాలతో మొదట చూపించినవారిలో మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒకరు. 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఆయన తెలుగు ధాతువులు సంస్కృతం నుంచి పుట్టినవి కావని వాదించారు. ఆ పనికి సామగ్రి అందించినవాళ్లలో పట్టాభిరామశాస్త్రి అనే మన పండితుడు ఉన్నారు. రెండు భాషలూ క్షుణ్ణంగా తెలిసినవాడు కాబట్టే ఏది ఎక్కడిదో విడదీయగలిగారు. సంస్కృతం నేర్చుకుంటే తెలుగును చిన్నచూపు చూస్తామన్న భయానికి ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఐదు అక్షరాల్లో ఒక నియమం

సంస్కృతం ఎందుకు నేర్చుకోవాలి అంటే చాలామంది వేదాలు, పురాణాల పేర్లు చెప్తారు. నేనైతే పాణినితో మొదలుపెడతాను. ఆయన వ్యాకరణం అష్టాధ్యాయి. ఎనిమిది అధ్యాయాలు, దాదాపు 4,000 సూత్రాలు. క్రీస్తు పూర్వం 5, 4 శతాబ్దాల నాటిదని సాధారణంగా చెప్తారు. గొప్ప అని ఊరికే అనడం కంటే ఒక్క సూత్రం విప్పి చూపిస్తాను. తెలుగు మీడియంలో చదివిన ఎవరికైనా ఇది సగం తెలిసిన పాఠమే.

బళ్లో యణాదేశ సంధి నేర్పారు గదా. "ఇ, ఉ, ఋ లకు అసవర్ణాచ్చులు పరమైనప్పుడు క్రమంగా య, వ, ర లు ఆదేశమవుతాయి." అతి, అంతం కలిస్తే అత్యంతం. సు, ఆగతం కలిస్తే స్వాగతం. పితృ, ఆర్జితం కలిస్తే పిత్రార్జితం. మన పాఠ్యపుస్తకం ఒక వాక్యమంతా వాడి చెప్పిన ఈ నియమాన్ని పాణిని ఐదు అక్షరాల్లో చెప్పాడు: ఇకో యణచి.

ఇది అర్థం కావాలంటే ముందు ఆయన వర్ణమాల చూడాలి. మనం అ ఆ ఇ ఈ అని వరసగా చెప్పుకుంటాం. ఆయన వర్ణాలను పద్నాలుగు చిన్న గుంపులుగా పేర్చి, ఒక్కో గుంపు చివర ఒక పొల్లు హల్లును గుర్తుగా పెట్టాడు. అఇఉణ్, ఋఌక్, ఏఓఙ్, ఐఔచ్, హయవరట్, లణ్... ఇలా సాగుతుంది. ఇప్పుడు ఏదైనా ఒక వర్ణం తీసుకుని, దానికి ఒక గుర్తు జోడిస్తే, ఆ వర్ణం నుంచి ఆ గుర్తు దాకా ఉన్నవన్నీ ఒక్క పేరు కిందికి వస్తాయి. ఇ నుంచి క్ దాకా తీసుకుంటే "ఇక్", అంటే ఇ, ఉ, ఋ, ఌ. య నుంచి లణ్ చివరి ణ్ దాకా "యణ్", అంటే య, వ, ర, ల. అ నుంచి చ్ దాకా "అచ్". మనం అచ్చులు అంటున్నది ఇక్కడి నుంచి వచ్చిందే. హల్లులు కూడా ఇలాగే "హల్" నుంచి వచ్చాయి.

ఇక మిగిలింది విభక్తులు. షష్ఠీ విభక్తి కనిపిస్తే "దాని స్థానంలో" అని అర్థం చేసుకోవాలని పాణిని వేరే సూత్రంలో చెప్పి పెట్టాడు. సప్తమి కనిపిస్తే "అది పరమైనప్పుడు" అని ఇంకో సూత్రం. రెండు జాబితాల్లో సంఖ్య సమానంగా ఉంటే మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది వరసగా తీసుకోవాలని మరో సూత్రం. ఇకో యణచి అన్నదాన్ని విడదీస్తే ఇకః, యణ్, అచి. ఇకః అనేది షష్ఠి, అచి అనేది సప్తమి. కాబట్టి "అచ్చు పరమైనప్పుడు ఇ, ఉ, ఋ, ఌ ల స్థానంలో వరసగా య, వ, ర, ల వస్తాయి."

పాఠ్యపుస్తకంలో ఉన్న "అసవర్ణ" అన్న మాట పాణిని సూత్రంలో లేదు. మరి రవి, ఇంద్రుడు కలిస్తే రవీంద్రుడు ఎందుకవుతుంది? సవర్ణ అచ్చులు కలిస్తే దీర్ఘం వస్తుందని ఇంకో సూత్రం ఉంది, ఆ చోటును అది తీసేసుకుంటుంది. మిగిలిన చోట ఈ సూత్రం పనిచేస్తుంది. వేరేచోట చెప్పినదాన్ని ఇక్కడ మళ్లీ చెప్పాల్సిన పనిలేదు. దాదాపు నాలుగు వేల సూత్రాలూ ఇలా ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తాయి. ఒక్క అక్షరం ఎక్కువ వాడకూడదన్న పట్టుదలతో, ఒక భాష మొత్తాన్ని నియమాలుగా రాసిపెట్టాడు.

కంప్యూటర్ భాషల వ్యాకరణాన్ని రాయడానికి 1950ల చివర ఒక సంకేత పద్ధతి వచ్చింది. దాని రూపకర్త బేకస్. పాణిని పద్ధతికి దీనికి పోలిక ఉందని గమనించిన ఇంగర్‌మన్ అనే ఆయన, దాన్ని పాణిని-బేకస్ రూపం అని పిలుద్దామని 1967లో ఒక శాస్త్ర పత్రికకు ఉత్తరం రాశారు. నాసా మెసేజ్ కంటే ఈ చిన్న ఉత్తరం విలువ ఎన్నో రెట్లు ఎక్కువ.

రెండు సూత్రాలు ఒకేచోట ఢీకొంటే ఏది గెలవాలన్న ప్రశ్న మీద వ్యాకరణ పండితులు రెండు వేల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. 2022లో కేంబ్రిడ్జ్‌లో ఒక భారతీయ విద్యార్థి చేసిన పరిశోధన దీనికి కొత్త వ్యాఖ్యానం ఇచ్చింది, దాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. ఇంకా వాదన నడుస్తున్న శాస్త్రం ఇది. దాన్ని మ్యూజియం వస్తువులా చూడటం సరికాదు.

లోపల ఏముంది

సంస్కృతమంటే పూజా మంత్రాలే అన్న అభిప్రాయం ఆ భాషను ప్రేమించేవాళ్లలోనూ ఉంది, ద్వేషించేవాళ్లలోనూ ఉంది. ఇద్దరూ పొరబడుతున్నారు. వైద్యం, ఖగోళం, తర్కం, నాట్యం, సంగీతం, వాస్తు, రాజనీతి, కథలు, చాటువులు అన్నీ ఇందులో ఉన్నాయి. బౌద్ధులు, జైనులు రాశారు. దేవుణ్ణీ వేదాన్నీ ఒప్పుకోనివాళ్లు కూడా ఇందులోనే వాదించారు. జయరాశి భట్టు రాసిన తత్త్వోపప్లవసింహం అని ఒక గ్రంథం ఉంది. మన దర్శనాలన్నీ చెప్పే ప్రమాణాలను, అంటే జ్ఞానం పొందే మార్గాలను, ఒక్కొక్కటిగా తీసుకుని, ఏదీ నిలబడదని వాదించే పుస్తకం అది. గుజరాత్‌లోని పాటన్‌లో జైనుల గ్రంథ భండారంలో దాని తాళపత్ర ప్రతి దొరికింది, 1940లో బరోడా నుంచి అచ్చయింది. తమ మతాన్ని కూడా ఖండించే పుస్తకాన్ని జైనులు వందల ఏళ్లు భద్రంగా దాచారు. ఈ ఒక్క సంగతి మీద ఎంతైనా ఆలోచించొచ్చు.

మన నేలకు సంబంధించి ఇంకో ఉదాహరణ. నాగార్జునకొండ పేరులో ఉన్న ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని చెప్పే ఉత్తరం ఒకటుంది, సుహృల్లేఖ. అది రాసిన సంస్కృతంలో నేడు దొరకదు. టిబెటన్, చైనా అనువాదాల్లో మాత్రమే మిగిలింది. ఆయనదే మరో గ్రంథం విగ్రహవ్యావర్తని సంస్కృత మూలం కూడా పోయిందనుకున్నారు. రాహుల్ సాంకృత్యాయన్ 1929 నుంచి 1938 మధ్య నాలుగుసార్లు టిబెట్ వెళ్లారు. అక్కడి మఠాల్లో గాలించి, 1936 యాత్రలో దాని ప్రతిని కనుక్కున్నారు. కృష్ణ ఒడ్డున పేరు నిలిచిన ఆచార్యుడి మాటలు చదువుకోవడానికి హిమాలయాలు దాటి వెళ్లాల్సి వచ్చిందన్నమాట.

ఇతరుల భాషలోకి వెళ్లి బతికినవి కూడా ఉన్నాయి. పంచతంత్రం 6వ శతాబ్దంలో నాటి పారశీకమైన పహ్లవీలోకి, 8వ శతాబ్దంలో అక్కణ్ణుంచి అరబ్బీలోకి వెళ్లి, ఆ తర్వాత యూరప్ అంతా తిరిగింది. మొఘల్ రాకుమారుడు దారా షికో 1657లో ఉపనిషత్తుల్ని పారశీకంలోకి తెచ్చాడు. యూరప్ మొదట ఉపనిషత్తుల్ని చదివింది ఆ పారశీకం నుంచి చేసిన లాటిన్ అనువాదంలోనే.

తెలుగువాళ్ల చేతిలో ఉన్నంత

సంస్కృతానికి సొంత లిపి అంటూ లేదు. దేవనాగరిలోనే రాయాలన్నది ఈమధ్య అలవాటు. శారద, గ్రంథ, మలయాళం, నందినాగరి, తెలుగు, ఎవరి లిపిలో వాళ్లు రాసుకున్నారు. పుణేలోని భండార్కర్ సంస్థ 1919 నుంచి 1966 దాకా శ్రమపడి మహాభారతానికి పరిష్కృత ప్రతి, అంటే పాఠభేదాలన్నీ పోల్చి తేల్చిన ప్రతి, తయారు చేసింది. అందుకోసం 1,259 చేతిరాత ప్రతుల్ని పోల్చి చూశారు. వాటిలో తెలుగు లిపి ప్రతులు కూడా ఉన్నాయి. అచ్చు వచ్చాక మద్రాసులో వావిళ్ల వారు కావ్యాలు, వ్యాకరణాలు, స్తోత్రాలు తెలుగు లిపిలో వేసి ఇంటింటికీ చేర్చారు.

మెదక్ దగ్గర కొల్చారం వాడని చెప్పే మల్లినాథ సూరి గురించి ఇక్కడ కాస్త ఆగాలి. కాళిదాసును దేశంలో ఎవరు చదివినా, ఈ తెలుగువాడి వ్యాఖ్యాన సాయంతోనే చదువుతారు. ఆ వ్యాఖ్యానానికి సంజీవిని అని పేరు పెట్టి, చెడ్డ వ్యాఖ్యల విషంతో మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును ఈ సంజీవిని లేపుతుంది అని మొదట్లోనే చెప్పుకున్నాడు. పద్ధతి కూడా చెప్పాడు: "నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే." మూలంలో లేనిది ఏదీ రాయను, అవసరం లేనిది ఏదీ చెప్పను అని. విమర్శ రాసేవాళ్లందరూ బల్ల మీద రాసి పెట్టుకోదగ్గ వాక్యం. ఆయన తర్వాత కోనసీమలోని ముంగండ నుంచి షాజహాన్ కొలువు దాకా వెళ్లిన జగన్నాథ పండితరాయలు అలంకార శాస్త్రంలో చివరి మహానుభావుడు. దేశమంతటా తర్కం మొదలుపెట్టే పిల్లలు చదివే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే.

ఇవన్నీ చదవడానికి తెలుగువాడికి సగం దూరం ముందే తగ్గి ఉంది. మాటలు తెలుసు, సంధులు తెలుసు, సమాసాల పేర్లు తెలుసు. నేర్చుకోవాల్సింది శబ్దాలు (నామవాచకాల విభక్తి రూపాలు), ధాతు రూపాలు, వాక్యం అన్వయించుకోవడం. ఇంకో లాభం కూడా ఉంది. సంస్కృతం బాగా వచ్చినవాడికి తెలుగులో అది ఎక్కడ అక్కర్లేదో కూడా తెలుస్తుంది. అరకొరగా వచ్చినవాళ్లే పేజీ నిండా సమాసాలు గుప్పిస్తారు.

ఎలా నిలిచింది, ఎలా పోతోంది

వేదాన్ని రాయకుండా గొంతులోనే నిలుపుకోవడానికి ఒక గట్టి ఏర్పాటు చేసుకున్నారు. మామూలుగా చెప్పేది సంహిత. మాటలు విడదీసి చెప్తే పదపాఠం. మాటలకు వరసగా అంకెలు వేసుకుని, జంటలుగా కలిపితే క్రమం: ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు. జటలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు. ఘనలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. ప్రతి మాటా ముందుకూ వెనక్కూ తిరిగి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఒకచోట స్వరం తప్పితే ఇంకోచోట దొరికిపోతుంది.

ఇంత ఏర్పాటు ఉన్నా ఎంత పోయిందో చూడండి. ఋగ్వేదానికి 21, యజుర్వేదానికి 101, సామవేదానికి వెయ్యి, అథర్వానికి 9 శాఖలని, అంటే అన్ని పాఠ సంప్రదాయాలని, పతంజలి రాసిన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో ఉంది. సామవేదం లెక్క అలా ఉంచినా, ఇప్పుడు మిగిలినవి అన్నీ కలిపి పది, పన్నెండుకు మించవు. చెప్పేవాళ్లు లేక ఆ శాఖలు ఆగిపోయాయి.

తాటాకు సంగతి వేరు. గంటంతో గీసి, మసి పూస్తే అక్షరాలు తేలతాయి. మన వాతావరణంలో అది కొన్ని వందల ఏళ్లకు మించి నిలవడం కష్టం. అందుకే తరం తరానికీ తిరగరాసేవారు. ఆ పని ఎంత కష్టమో లేఖకులు చివర రాసుకున్న శ్లోకంలో ఉంది: "భగ్నపృష్ఠకటిగ్రీవః స్తబ్ధదృష్టిరధోముఖః, కష్టేన లిఖితం గ్రంథం యత్నేన పరిపాలయేత్." వీపు, నడుము, మెడ విరిగేలా, చూపు కదపకుండా, తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా చూసుకోండి అని. అచ్చు యంత్రం వచ్చాక ఈ తిరగరాసే పని ఆగిపోయింది. అచ్చయినవి బతికాయి. అచ్చుకాని వాటికి ఉన్న ప్రతే ఆఖరి ప్రతి.

దేశంలో దాదాపు కోటి చేతిరాత ప్రతులు ఉండొచ్చని అంచనా. వాటిలో పెద్ద భాగం సంస్కృతానివే. 2003లో జాతీయ చేతిరాత ప్రతుల మిషన్ పెట్టారు, ఇటీవల జ్ఞాన భారతం పేరుతో ఇంకో పెద్ద ప్రయత్నం మొదలైంది. ఫొటోలు తీయడం, జాబితాలు వేయడం చాలా అవసరం, అందులో సందేహం లేదు. కానీ ఫొటో తీసిన తర్వాతే అసలు పని మొదలవుతుంది. పాత తెలుగు ఆకు ఒకటి చేతిలోకి తీసుకుంటే మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ద, ధ ల తేడా చాలాసార్లు కనిపించదు. లేఖకుడు ఒక వరస దాటేసి ఉండొచ్చు. పురుగు తిన్న చోట ఏ అక్షరం ఉండాలో ఛందస్సు తెలిస్తే ఊహించొచ్చు, శాస్త్రం తెలిస్తే నిర్ధారించొచ్చు. వైద్య గ్రంథమైతే మందు మొక్కల పేర్లు తెలియాలి, జ్యోతిషమైతే లెక్క తెలియాలి. యంత్రాలు కొంత సాయం చేస్తున్నాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం వాళ్ల సంసాధనీ లాంటి సాఫ్ట్‌వేర్ సంధులు విడదీసి, రూపాలు చూపిస్తుంది. అది చూపించిన నాలుగు విడదీతల్లో ఏది సరైనదో చెప్పాల్సింది మళ్లీ మనిషే.

ఈ పని ఎంత నిదానమో చెప్పడానికి పుణే డెక్కన్ కాలేజీ నిఘంటువు చాలు. 1948లో తలపెట్టారు, 1976లో మొదటి సంపుటం వచ్చింది. ముప్పైకి పైగా సంపుటాలు వచ్చినా పని ఇంకా "అ" దగ్గరే సాగుతోంది.

చదువులో ఉంది, చదువు లేదు

2011 జనగణనలో సంస్కృతం మాతృభాష అని చెప్పినవాళ్లు 24,821 మంది. చనిపోయిన భాషా, బతికున్న భాషా అన్న గొడవకు ఈ అంకెను రెండు వైపులవాళ్లూ వాడుకుంటారు. నాకు ఈ గొడవ అనవసరమనిపిస్తుంది. ఇళ్లలో మాట్లాడటం వల్ల నిలిచిన భాష కాదిది. చదివీ, వాదించీ, వ్యాఖ్యానం రాసీ నిలుపుకున్న భాష. మాట్లాడితే భయం పోతుంది కాబట్టి సంభాషణ తరగతులు మంచివే, అక్కడితో ఆగిపోతే మాత్రం పెద్ద లాభం లేదు.

మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకునే పిల్లలు చాలామంది. కారణం అందరికీ తెలిసిందే: మార్కులు. ఎంట్రన్స్ టెన్షన్‌లో ఉన్న పిల్లలకు అది తక్కువ శ్రమతో ఎక్కువ మార్కులు వచ్చే పేపర్. సంస్కృతం పరీక్షలో సంస్కృతంలో రాయాల్సింది చాలా తక్కువ. వందకు దగ్గరగా మార్కులు తెచ్చుకుని, ఒక్క సుభాషితాన్ని సొంతంగా అన్వయించలేక బయటికి వస్తారు. ఇందులో పిల్లల తప్పు లేదు. అలా ఏర్పాటు చేసినవాళ్లది. ఆ రెండేళ్లలో సంస్కృతమూ రాదు, తెలుగూ పోతుంది. సంస్కృతం మీద గౌరవమున్నవాళ్లే ముందు దీన్ని అడగాలి.

ఇంకో ప్రశ్న ఇంతకంటే బరువైంది. వందల ఏళ్లపాటు ఈ చదువు చాలా కులాలకు, ఆడవాళ్లకు అందలేదు. అంబేడ్కర్‌కు స్కూల్లో సంస్కృతం నేర్పడానికి ఒప్పుకోలేదు, పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత పట్టుబట్టి సొంతంగా నేర్చుకున్నారు. 1949లో రాజ్యాంగ సభలో భాషా చర్చ వచ్చినప్పుడు సంస్కృతాన్ని అధికార భాషగా చేయాలన్న సవరణకు మద్దతిచ్చినవాళ్లలో ఆయన ఉన్నారు. ఆ సవరణ మంచిదా కాదా అన్నది వేరే చర్చ. తనకు తలుపు మూసిన చదువు తనదే అని ఆయన అనుకున్నారు. ధర్మశాస్త్రాల్లో ఏముందో వాటిని సమర్థించేవాళ్లు చెప్తే వినాల్సిన అవసరం, వ్యతిరేకించేవాళ్లు చెప్తే నమ్మాల్సిన అవసరం లేకుండా, తానే చదివి తేల్చుకునే హక్కు ప్రతివాళ్లకూ ఉండాలి. మూలం చదవగలిగేవాళ్లు ఒకే వర్గంలో ఉంటే వ్యాఖ్యానం కూడా ఆ వర్గం చేతిలోనే ఉంటుంది. ఈ భాషను కాపాడాలనుకునేవాళ్లు అన్ని ఇళ్ల పిల్లలకూ నేర్పడం గురించి మాట్లాడకపోతే, వాళ్లు కాపాడుతున్నది ఇంకేదో.

మొదలుపెట్టాలంటే

పెద్దవాళ్లయ్యాక మొదలుపెట్టినా ఇది వస్తుంది. విభక్తి రూపాలు ఇచ్చే శబ్దమంజరి పుస్తకం పట్టుకుని రామ, హరి, గురు, రమా శబ్దాలు నోటికి రావాలి. ఇదొక్కటీ కాస్త విసుగు పుట్టిస్తుంది, దీన్ని తప్పించుకునే దారి లేదు. లట్, లఙ్, లృట్ (వర్తమాన, భూత, భవిష్యత్ కాల) రూపాలు కొన్ని తెలిస్తే సుభాషితాలు చదవొచ్చు. ప్రతి శ్లోకానికీ ముందు పదవిభాగం, తర్వాత అన్వయం, ఆ తర్వాతే తాత్పర్యం. తాత్పర్యం ముందు చూసేస్తే చదివినట్టు అనిపిస్తుంది, రాదు. అక్కణ్ణుంచి వాల్మీకి రామాయణంలోకి వెళ్లొచ్చు, భాష సరళంగా ఉంటుంది. రఘువంశం రెండో సర్గను మల్లినాథుడితో కలిపి చదవగలిగితే ఇక ఎవరి సాయమూ పెద్దగా అక్కర్లేదు. ఒక్కరే కూర్చుంటే ఆగిపోతారు. ఇద్దరు ముగ్గురు కలిసి వారానికి నాలుగు శ్లోకాలు చదివినా సాగుతుంది. శాస్త్రంగా చదవాలనుకునేవాళ్లకు తిరుపతిలో 1961లో మొదలై, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది.

ఇంట్లో అటక మీద పాత తాటాకుల కట్ట ఉన్నవాళ్లకు ఒక మాట. చదవడం రాదని గోదావరిలోనో కృష్ణలోనో కలపకండి. పసుపు కుంకుమ చల్లకండి, ఇంట్లో ఉన్న నూనె ఏదో పూయకండి. బిగుసుకుపోయిన ఆకుల్ని బలవంతంగా విడదీయొద్దు. "తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్" అని పుస్తకమే మనల్ని వేడుకుంటున్నట్టు ఒక శ్లోకం ఉంది, నూనె నుంచి, నీళ్ల నుంచి, వదులు కట్టు నుంచి కాపాడమని. తడి తగలని చోట శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. విడిగా వచ్చే ఆకులకు రెండు వైపులా, అంచున ఉన్న సంఖ్య కూడా కనిపించేలా పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ, చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం లాంటి చోట్ల ఇవి చదవగలిగేవాళ్లు ఉంటారు. మొదటి ఆకు, చివరి ఆకు ఫొటోలు చూపించండి. గ్రంథం పేరు, రాసినవాళ్ల పేరు, సంవత్సరం చాలావరకు చివరి ఆకులోనే ఉంటాయి.